నూతినీరు, ఎముకల వ్యాధి: నెల్లూరు, నల్లగొండ సీమల ఫ్లోరోసిస్ పరిశోధన చరిత్ర

దక్షిణాపథమున మెట్టసేద్యము చేసికొని జీవించు పల్లెలకు నుయ్యియే ఆధారము. చెరువు ఎండినను, వాగు ఇంకినను, నూతిలో రెండు చేదల నీరున్నంతవరకు ఊరు నిలుచును. అట్టి నూతినీరే కొన్ని సీమలలో మనుష్యుల దంతములకు గార పట్టించి, ఎముకలను బిగదీసి, నడివయసునాటికే వారిని మంచమునకు అంటగట్టుచున్నదను సంగతి మన దేశమున 1937వ సంవత్సరమునగాని శాస్త్రీయముగా వెల్లడి కాలేదు. అది మొదట వెల్లడియైనది తెలుగు సీమలోని నెల్లూరు జిల్లా రోగుల వలన. వెల్లడించినవారు మద్రాసు నగరమున పనిచేయుచుండిన ప్రభుత్వ ప్రయోగశాలాధికారులును, వైద్య కళాశాలాచార్యులును.

ప్రజారోగ్య సంస్థలును విశ్వవిద్యాలయ వైద్యులును కలిసి పనిచేసినచో ఏమి సాధింపవచ్చునో, ఆ కలయికలో లోటున్నచో ఎట్టి నష్టము వాటిల్లునో తెలిసికొనుటకు ఈ వ్యాధి పరిశోధన చరిత్ర మంచి ఉదాహరణము. ఇది నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకే పరిమితమైన కథ కాదు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలలో చిరకాలముగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో అనేకము అదే రాతినేలను నమ్ముకొని, అటువంటి నూతులపైననే ఆధారపడి జీవించినవి. కనుక ఇది వారికిని సంబంధించిన చరిత్రయే.

వ్యాధి స్వరూపము

ఫ్లోరోసిస్ అంటువ్యాధి కాదు. సూక్ష్మజీవుల వలన కలుగునదియు కాదు. నల్లరాతి నేలలలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు అను పదార్థము భూగర్భజలమున కరగి చేరును. వానలు తక్కువగా ఉండి, నీటిలో సున్నపు పాలు తక్కువై, క్షారగుణము హెచ్చుగా ఉన్నచోట్ల ఇది మరింతగా చేరును. నీరు చూచుటకు తేటగానే ఉండును. రుచిలోను, వాసనలోను తేడా ఏమియు కనబడదు. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణములు నిర్ణయించినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితియు 1.5 మిల్లీగ్రాములే.

ఈ నీటి ప్రభావము మొదట పసిపిల్లల దంతములపై కనబడును. దంతములు లోపల రూపొందుచున్న వయసులోనే పైపెంకు చెడును గనుక, పెద్దవయసున ఆ ఊరికి వచ్చి కాపురమున్నవారి పండ్లకు గార పట్టదు. కాని వారి ఎముకలకు ఆ రక్షణ లేదు. ఏండ్ల తరబడి అదే నీరు త్రాగినచో ఫ్లోరైడు ఎముకలలో పేరుకొనును. కీళ్ళను బంధించు నరములవంటి పట్టీలు గట్టిపడి ఎముకవలె మారును. వెన్నెముక కఱ్ఱవలె బిగుసుకొని, మెడ త్రిప్పుటకుగాని నడుము వంచుటకుగాని వీలుకాదు. వ్యాధి ముదిరినచో వెన్నుపాము నొక్కబడి కాళ్ళు చచ్చుబడును. ఇట్లు బిగిసిన ఎముకలను తిరిగి మామూలు స్థితికి తెచ్చు మందు లేదు. మంచినీరు ఇచ్చి వ్యాధిని రాకుండ చేయుట యొక్కటే మార్గము. అందుచేతనే ఈ వ్యాధి విషయమున వైద్యుని పని ఆసుపత్రిలో ముగియక, ఊరినూతివరకు పోవలసివచ్చెను.

గిండీ ప్రయోగశాలయు, మద్రాసు వైద్య కళాశాలయు

వ్యాధి తొలి సాక్షులు వైద్యులు కారు, రైతులు. 1930 తరువాతి తొలి సంవత్సరములలో తెలుగు మెట్టసీమల రైతులు తమ దుక్కిటెడ్లు కీళ్ళు పట్టి నడువలేకపోవుటను గమనించిరి. హైదరాబాదు సంస్థానమునను, మద్రాసు రాజధానియందును పశువులలో ఈ రుగ్మత ఉన్నట్లు 1934, 1935 సంవత్సరముల పశువైద్య నివేదికలలో కనబడుచున్నది. అంతకు కొంచెము ముందే, 1931లో, అమెరికాయందు అరిజోనా విశ్వవిద్యాలయపు పరిశోధకులును మరికొందరును దంతముల గారకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని కనుగొని యుండిరి. ఒకవైపు పల్లెలోని అనుభవము, మరియొకవైపు రసాయనశాస్త్రము సిద్ధముగా ఉండెను. ఈ రెంటిని కలుపువారే కావలసి యుండిరి.

ఆ కలయిక మద్రాసు నగరమున సంభవించెను. నగరపు దక్షిణభాగమున గిండీలో 1899లో ఏర్పడిన కింగ్ సంస్థ, రాజధాని పారిశుద్ధ్యాధికారియగు కింగ్ పేర వెలసినది. మశూచి టీకాలకు వలయు మందు తయారుచేయుటతో ఆరంభమై, క్రమముగా రోగపరీక్షలకును, జలపరీక్షలకును ప్రభుత్వపు ముఖ్య ప్రయోగశాలగా పెరిగినది. నగరమధ్యమున జనరల్ ఆసుపత్రియు, 1835లో ఆరంభమైన వైద్య కళాశాలయు ఉండెను. ఆ కళాశాలను నడపినది ప్రభుత్వము. అందు చదివినవారికి పట్టములొసగినది 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము. కావున ఆనాటి వైద్యాచార్యుడు ఒకే వేళ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడును, విశ్వవిద్యాలయ విద్యార్థులకు గురువును అయి యుండెను. ప్రభుత్వమునకును విశ్వవిద్యాలయమునకును నడుమ ఒడంబడికలు వ్రాసికొనకయే ఒక సహకారము ఈ విధమున ఆ పదవిలోనే ఇమిడి యుండెను.

1937లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసర్చ్' అను పత్రికలో మద్రాసు రాజధాని ఫ్లోరోసిస్‌ను గూర్చి ఒక వ్యాసము వెలువడెను. దానికి రచయితలు నలుగురు. హెచ్. ఇ. షార్ట్ కింగ్ సంస్థకు అధిపతి. జి. ఆర్. మెక్‌రాబర్ట్ వైద్య కళాశాలాచార్యుడు. టి. డబ్ల్యూ. బర్నార్డ్ 1934లో జనరల్ ఆసుపత్రియందు తన పేరనే వెలసిన ఎక్స్-రే సంస్థకు నాయకుడు. నాలుగవవాడు వైద్యుడగు ఎ. ఎస్. మన్నాడి నాయరు. ఆ సంవత్సరమే షార్ట్, సి. జి. పండిత్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలోని వ్యాధిని గూర్చి మరియొక వ్యాసమును ప్రకటించిరి. మనుష్యుల ఎముకలకు సోకు ఫ్లోరోసిస్‌ను మన దేశమున తొలుత నిరూపించిన రచనలివి. వ్యాధి కనబడిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఏర్పడి, తరువాత ప్రకాశము జిల్లాయని పేరొందిన ఒంగోలు జిల్లాలో అవి చేరినవి.

ఈ నలుగురి పేర్లు ఒకచోట చేరుటలోనే సహకారపు విలువ తెలియగలదు. రోగి బిగిసిన నడుమును చూచి వైద్యుడు దానిని వాతమని అనుకొనవచ్చును. ఎక్స్-రే చిత్రమున ఎముకలు సుద్దవలె తెల్లగా, దట్టముగా కనబడినను వాని కారణము చిత్రములో దొరకదు. నీటిని పరీక్షించువానికి ఫ్లోరైడు అంకెలు దొరకునుగాని, ఆ నీటిని త్రాగినవాని ఎముకలు కనబడవు. ఈ మూడు విద్యలును ఒకే రోగిపై, ఒకే ఊరిపై దృష్టి నిలిపినపుడే కారణమును కార్యమును ఒకటిగా కనబడినవి.

ఈ కృషి అంతటితో నిలువలేదు. 1940లో పండిత్, రాఘవాచారి మొదలగువారు పిల్లల దంతములను, పెద్దల ఎముకలను, ఊళ్ళ నీటిని, ప్రజల ఆహారమును కలిపి పరిశీలించిన విస్తృతమైన వ్యాసమును ప్రకటించిరి. నీటిలోని ఫ్లోరైడుతోపాటు ఆహారలోపము, ప్రత్యేకించి సి-విటమిను కొరత, ఎముకల వ్యాధిని తీవ్రతరము చేయుచున్నదని వారు సూచించిరి. అనగా ఒకే నూతినీరు త్రాగినను, కూరగాయలు పండ్లు కొనగలిగిన ఇంటికన్న గంజిమెతుకులతో గడపు ఇంటికి ఎక్కువ కీడు కలుగునన్నమాట. ఈ సూచన తరువాతి కాలమున హైదరాబాదు పరిశోధకులకు మార్గదర్శకమయ్యెను. ఇందలి పండిత్ మహాశయుడే కొంతకాలమునకు భారత వైద్య పరిశోధనా మండలికి తొలి సంచాలకుడయ్యెను. మద్రాసు రాష్ట్రపు నీటి వనరులలోని ఫ్లోరైడును గూర్చి 1951లో వెలువడిన పరిశోధనలో వడ్లఊక బొగ్గుతో నీటిని శుద్ధిచేయు విధానము కూడ పరిశీలింపబడినది.

నల్లగొండ రోగులు

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా నెల్లూరు మెట్టసీమ అందులో చేరెను; ఆ సీమ నీటిని పరీక్షించిన గిండీ ప్రయోగశాల మద్రాసు రాష్ట్రమున మిగిలెను. కాని అప్పటికి ఈ విషయమున మరియొక కేంద్రము తలయెత్తుచుండెను. అది హైదరాబాదు. హైదరాబాదు సంస్థానములో ఫ్లోరోసిస్ ఉన్నట్లు 1945లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడి యుండెను. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను పరిశీలించి వ్రాసిన వ్యాసము 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' నందు ప్రచురింపబడెను. వ్యాధి వెన్నుపామును నొక్కి రోగిని అవిటివానిగా చేయు తీరు ఇందులో విశదముగా తెలుపబడినది. నల్లగొండ పేరు లోకపు వైద్యులకు ఈ విధముగా పరిచితమయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలకును ప్రభుత్వ ఆసుపత్రికిని నడుమ ఉండిన సంబంధము మద్రాసులోని సంబంధమువంటిదే. మంచముపై మోసికొని తేబడిన పల్లె రోగి ఆసుపత్రికి రోగియు, కళాశాలకు పాఠమును అయ్యెను.

అయితే ఈ రెండు సందర్భములలోను ఒక లోటు కలదు. వ్యాసములన్నియు ఆంగ్లములో, వైద్యుల పత్రికలలో వెలువడినవి. ఆ నూతినీరు త్రాగువారి భాష తెలుగు. కారణము తెలిసిన 1937కును, పల్లెలో ఆచరింపదగిన శుద్ధి విధానము రూపొందిన 1975కును నడుమ 38 సంవత్సరములు గడచినవి. ఆ మధ్యకాలమున పుట్టిన బిడ్డ గారపండ్లతో పెరిగి, పెండ్లాడి, తన బిడ్డకును అదే నీరు త్రాపినది.

పోషకాహార సంస్థ పరిశోధనలు

1918లో మెకారిసన్ నాయకత్వమున బెరిబెరి వ్యాధి విచారణగా ఆరంభమైన కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పొరుగున నెలకొనెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు దాల్చెను. ఇది భారత వైద్య పరిశోధనా మండలికి చెందిన కేంద్ర సంస్థ.

1973లో ఈ సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనువారు 'లాన్సెట్' పత్రికలో ఒక క్రొత్త రూపపు వ్యాధిని వర్ణించిరి. పూర్వము చూచిన రోగులు నడుము బిగిసిన పెద్దలు. ఇప్పుడు కనబడినవారు ఎదుగుచున్న బాలురు, యువకులు. వారి మోకాళ్ళు లోపలికి ఒరసికొని, పాదములు ఎడమై, నిలువబడుటయే కష్టమైన స్థితి. ఎముకలు కొన్నిచోట్ల గట్టిపడుటయు, కొన్నిచోట్ల గుల్లబారుటయు ఒకే రోగియందు కనబడెను. ఆడపిల్లలకన్న మగపిల్లలలో ఇది హెచ్చుగా ఉండెను.

నాగార్జునసాగర కాలువలకు 1967లో నీరు వదలబడినది. పెద్ద జలాశయముల పరిసరములలో భూగర్భజల మట్టము పెరిగి, నేలలోని క్షారగుణము మారి, జొన్నపైరులో మాలిబ్డినము వంటి లోహాంశములు హెచ్చుటయు, శరీరమున రాగి తగ్గుటయు ఈ క్రొత్త వ్యాధికి తోడ్పడి యుండునని ఆ సంస్థవారు ప్రతిపాదించిరి. జొన్న ఆహారముగా గలవారి శరీరమున వరి తినువారికన్న ఫ్లోరైడు ఎక్కువగా నిలుచునని 1977లో అదే సంస్థనుండి మరియొక పరిశోధన వెలువడెను. 1940లో మద్రాసు పరిశోధకులు ఆహారమును గూర్చి చేసిన సూచన ఈ విధమున మరింత బలపడినది.

ఇచ్చట చరిత్రకారుడు ఒక విషయమును గమనింపవలెను. సాగునీటి ప్రణాళిక రైతుకు మేలు చేయుటకు వెలసినది, చేసినది కూడ. కాని ఆరోగ్యశాఖయు వైద్య కళాశాలయు చేయి కలిపినంత సులభముగా ఆరోగ్యశాఖయు నీటిపారుదల శాఖయు చేయి కలుపలేదు. ఫ్లోరైడు నేలలని ముందే తెలిసిన సీమలో జలమట్టము మారినపుడు నూతినీరు ఏమగునో విచారించు బాధ్యత ఏ ఒక్కరి వంతునను పడలేదు. వ్యాధి కనబడిన తరువాతనే పరిశోధన దాని వెంట నడచెను.

నాగపురమున రూపొందిన నల్లగొండ పద్ధతి

కారణము తెలిసిన తరువాత కావలసినది ఉపాయము. దానిని కనుగొన్నది మహారాష్ట్రమునందలి నాగపురమున 1958లో వెలసిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనా సంస్థ. దీనికి 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థయని పేరు మారినది. ఇచ్చటి శాస్త్రజ్ఞులు 1975లో ప్రకటించిన విధానమునకు 'నల్లగొండ పద్ధతి' అని పేరు. నీటిలో తగుపాళ్ళలో సున్నమును, బ్లీచింగు పొడిని, పటికను కలిపి, మొదట వేగముగాను, పిమ్మట మెల్లగాను త్రిప్పవలెను. తెల్లని మడ్డి ఏర్పడి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పైతేటను వడగట్టి త్రాగవచ్చును. ఒక ఇంటికి ఒక బాల్చీలోను, ఒక ఊరికి పెద్ద తొట్టెలోను దీనిని జరుపవచ్చును.

పటికయు సున్నమును తెలుగు పల్లెకు క్రొత్త వస్తువులు కావు. కలకనీటిని పటికతో తేర్చుట గృహిణులు ఎరిగినదే. కనుక ఈ పద్ధతి సామాన్యులకు అందుబాటులో ఉండెను. కాని దీనికి పరిమితులును కలవు. పాళ్ళు నీటినిబట్టి మారును. ఎక్కువ పటిక వేసినచో దాని అంశము నీటిలో మిగులును. మడ్డిని ప్రతిదినము సురక్షితముగా పారవేయవలెను. ఎవరో ఒకరు దినదినము శ్రద్ధతో చేయవలసిన పని గనుక, శ్రద్ధ సడలినచోట తొట్టెలు మూలపడినవి. అందుచేతనే నదీజలమును దూరమునుండి గొట్టములద్వారా తెచ్చుటయే శాశ్వతోపాయమని క్రమముగా తేలెను. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ఈ మార్గమున నడచినదే. కేంద్రారోగ్య శాఖ 2008-09లో ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమమును ఆరంభించి, జిల్లాలలో నీటిపరీక్షకును రోగులను గుర్తించుటకును ఏర్పాట్లు చేసినది.

సరిహద్దులకు ఆవలి తెలుగువారు

భాషననుసరించి రాష్ట్రములు విడివడినవిగాని, నేల అడుగున రాయి విడివడలేదు. పోషకాహార సంస్థవారు నల్లగొండలో కనుగొన్న మోకాళ్ళ వ్యాధి పిమ్మట తమిళనాడున కోయంబత్తూరు జిల్లాలో పరంబికులం-ఆళియార్ జలాశయ ప్రాంతమునను, కర్ణాటకమున హోసపేట వద్ద తుంగభద్ర జలాశయ ప్రాంతమునను కనబడెను. ఈ రెండును తెలుగువారు తరతరములుగా నివసించుచున్న సీమలే. కోయంబత్తూరు మెట్టలలో నూతులు త్రవ్వి సేద్యము చేసిన కుటుంబములలో తెలుగు మాటలాడువారు అనేకులు. బళ్ళారి సీమలో తెలుగు, కన్నడములు ఒకే వీధిలో వినబడును.

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములలోని నూతులును ఫ్లోరైడుకు పేరుపడినవే. ఆ రెండు జిల్లాలకు కావేరి నీటిని తెచ్చు హొగెనకల్ పథకము 2013లో అమలునకు వచ్చెను. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణమన్న మాట చేర్చబడియున్నది. కర్ణాటకమున కోలారు, పావగడ సీమలలోను, మహారాష్ట్రమున చంద్రపురము జిల్లాలోను ఫ్లోరైడు నూతులు కలవు. అచ్చటను తెలుగు కుటుంబములు చిరకాలముగా కలవు. నెల్లూరు రోగుల వలన మద్రాసులో తెలిసిన విషయము, నల్లగొండ రోగుల వలన హైదరాబాదులో పెరిగిన విజ్ఞానము, నాగపురమున రూపొందిన ఉపాయము, ఈ మూడును తిరిగి ఈ ప్రవాసాంధ్ర కుటుంబముల నూతి గట్టునకు చేరవలసియున్నవి.

ఉపసంహారము

ఈ చరిత్రను కలిపి చూచినపుడు కొన్ని సంగతులు స్పష్టమగును. ప్రభుత్వ ప్రయోగశాలకు నీటిని, ఊళ్ళను, లెక్కలను పరిశీలించు అధికారము కలదు. విశ్వవిద్యాలయ వైద్యునకు రోగిని చాలకాలము కనిపెట్టి చూచు ఓపికయు, ఎందుకు అని అడుగు స్వాతంత్ర్యమును కలవు. ఒకదానికి మరియొకటి తోడైనపుడు 1937లో ఫలము లభించెను. ఆ తోడ్పాటు నీటిపారుదల శాఖవరకు విస్తరింపనందున ఒక తరము బాలురు మూల్యము చెల్లించిరి. అది రోగి భాషలోనికి దిగిరానందున తెలిసిన సత్యము ఏండ్ల తరబడి గ్రంథాలయముననే నిలిచెను.

మొదటి లోటును తీర్చుట ప్రభుత్వముల పని. రెండవదానిని తీర్చుటలో తెలుగు సంఘములకును పాలు కలదు. రాష్ట్రమేదైనను, నూతినీటి పరీక్ష ఫలితమును అడిగి తెలిసికొని, దానిని ఆ వీధిలోని తల్లులకు తెలుగులో చెప్పుట ఒక సంఘమునకు భారమైన పని కాదు. దుక్కిటెద్దు నడకలోని తేడాను తొలుత గుర్తించినవాడు మెట్టరైతు. అతనికి తెలియవలసిన మాటను అతని భాషలో అతని ఇంటికి చేర్చుట, ఆయా సంస్థల పరిశోధకులు ఆరంభించిన కార్యములో మిగిలియున్న భాగము.